గాడి నుంచి ఎనిమిది

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చేవారు. వంటింటి పోపు కంటే ముందు సీసం కరిగే వాసన, దానికి పట్టించే గుగ్గిలం వాసన ఎదురొచ్చేవి. మా నాన్న వాల్వు యాంప్లిఫయర్లు చేసేవాడు. పెళ్ళిళ్ళకీ అమ్మవారి పండగలకీ మైకుసెట్టు పెడతారే, గొంతును పెద్దది చేసి బాకాకు పంపే ఇనప పెట్టె అది. కోటబొమ్మాళిలో మా పెంకుటింటి ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద, రేకు వంచడం దగ్గర్నుంచి అంతా ఆయన చేతుల మీదే జరిగేది.

పెట్టె పైన గాజు వాల్వులు వరసగా నిలబడి ఉంటే చూసినవాళ్ళు మురిసిపోయేవారు. మా నాన్న మాత్రం పెట్టెను బోర్లా తిప్పి అడుగు చూపించేవాడు. అక్కడ తీగలన్నీ పొలం గట్లలా తిన్నగా పోయి, మలుపు దగ్గర నిక్కచ్చిగా తిరిగేవి. వాల్వులను వేడెక్కించే రెండు తీగలనూ పురిపెట్టి రేకు మూలకు నొక్కేసేవాడు, లేకపోతే బాకాలో రొద వస్తుందట. రెసిస్టర్ల మీది రంగు గీతలన్నీ ఒకే వైపు నుంచి చదువుకునేట్టు ఉండాలి. తీగ కొసను కొక్కెంలా వంచి తగిలించి, లాగి చూసి, ఊడి రాదని తేలాకే సీసం పెట్టాలి. మూతపడిపోయే పెట్టెకి లోపల ఇంత సింగారమెందుకురా అని మా మేనత్త ఎగతాళి చేస్తే, "రేపు ఇప్పినోడు సూడడేటి అప్పా?" అనేవాడు.

నాకు పదేళ్ళప్పుడు ఆయన జ్వరం వచ్చి అయిదు రోజుల్లో పోయాడు.

నేను ఏడవలేదు. గొప్పకు చెప్పడం లేదు, రాలేదంతే. మాట కూడా రాలేదు. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను, జడ వేస్తామంటే వీపు తిప్పి కూర్చున్నాను. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత ఈ పిల్లది రాతి గుండె అన్నారు. నాకు కోపమూ రాలేదు. మా అమ్మ మూడు రోజులు ఏడ్చి, ఎవరో చెప్పినట్టు ఆపేసింది. ఆ తర్వాత ఆవిడా నాలాగే తయారైంది.

పెద్దకర్మ అయిన మర్నాడు భావనపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వలవేటకు పోయే మనిషి, ఊళ్ళో నలుగురి తరఫునా మాట్లాడేవాడు. వాళ్ళ అమ్మవారి పండగ కోసం మా నాన్నకు ఒక పెట్టె పురమాయించారు. అది బల్ల మీద ముప్పాతిక పనితో ఆగిపోయి ఉంది. పెద్దాయన పెట్టె వైపు చూడలేక నేల వైపు చూస్తూ చెప్పాడు. "మంగళవారం దాకా సూస్తాం తల్లీ. అవ్వకపోతే పట్టుకుపోయి ఇంకొకడికిస్తాం. ఆడు ఈ తీగలన్నీ పీకేసి తన పద్ధతిలో ఏసుకుంటాడట. మాకూ మనసొప్పట్లేదు గానీ, అమ్మోరి పండగ ఆగదు కదా."

పీకేస్తాడన్న మాట దగ్గర మా అమ్మ తల ఎత్తింది. మంగళవారానికి అయిపోతుంది, రండి అంది.

అవుతుందని ఆవిడ ఏ ధైర్యంతో అందో నాకు తెలియదు. తీగలు కత్తిరించడం, కొసలు గీకడం, సీసం పెట్టడం ఆవిడకు వచ్చు. పదేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని చేసిన పనే. కానీ ఏ తీగ ఎక్కడికి పోవాలో తెలియదు. మా నాన్న కాగితం మీద గీసి పెట్టుకునేవాడు కాదు, అంతా ఆయన తలలోనే ఉండేది, ఆ తల లేదు. మిగిలిన దారి ఒక్కటే. పెట్టె చివర ఉండే రెండు పెద్ద వాల్వులూ జోడెడ్ల లాంటివి, చెరో సగం లాగితేనే బాకా నిండుగా పలుకుతుంది. రెంటికీ ఒకే రకం తీగలు. ఒక దాని పని నాన్న ముగించాడు, రెండోది ఖాళీగా ఉంది. ఇటు ఉన్నది చూసి అటు వేయాలి. ఇంకొకరి పనైతే ఆ తీగల గుంపులో తలా తోకా దొరికేది కాదు. నాన్న పని కాబట్టి ప్రతి తీగా ఎక్కడ బయల్దేరి ఎక్కడ ఆగిందో కనబడుతోంది.

మొగుడు పోయిన మనిషికి ఈ ఇనప పనేమిటని వీధిలో గుసగుసలాడారు. అమ్మ వినిపించుకోలేదు. కిటికీ వెలుగులో రెండు రోజులు కూర్చుని వేసింది. ఎదురుగా నేను కూర్చున్నాను. కూర్చోవద్దని ఎవరూ అనలేదు కాబట్టి కూర్చున్నాను.

మూడో రోజు బాకాను పెరట్లో పెట్టి, ప్లగ్గు తగిలించి, మైకులో ఉఫ్ మని ఊదింది. రెండు వాల్వులూ ఎర్రగా వెలిగాయి. బాకాలోంచి మాత్రం జలుబు చేసినవాడి గొంతులా పీలగా, బొంగురుగా వచ్చింది.

పెట్టెలో చెయ్యి పెట్టే ముందు మా నాన్నకు ఒక నియమం ఉండేది. ప్లగ్గు పీకినా లోపల కాస్త కరెంటు నిలవుంటుంది, అది దిగిపోయేదాకా ఒక తమలపాకు వేసుకుని పూర్తిగా నమిలేవాడు. అమ్మకు ఆకు వేసుకునే రోజులు పోయాయి గనక నా నోట్లో పెట్టింది. నేను నమిలాను. సున్నం ఎక్కువై నాలుక పొక్కిందట. ఆ సంగతి నాకు మర్నాడు గాని తెలియలేదు.

అలా ఆకు మీద ఆకు నమిలిస్తూ అమ్మ ఒక్కో వాల్వునీ తీసి చూసింది. నాన్న వేసిన వైపుది తీస్తే బాకా మూగబోయింది. తను వేసిన వైపుది తీస్తే ఏ తేడా లేదు. వాల్వులు అటూ ఇటూ మార్చినా అంతే. అంటే వాల్వుల్లో లోపం లేదు, అమ్మ తీగలు వేసిన చోటనే ఉంది. అక్కడ పెట్టిన వాల్వు వెలుగుతోంది, ముట్టుకుంటే చుర్రుమంటోంది, పని మాత్రం చేయడం లేదు. నాకు ఆ వాల్వు బాగా అర్థమైంది.

అప్పుడు మా అమ్మ పెట్టెను బోర్లా తిప్పి నన్ను పిలిచింది. వాల్వు కూర్చునే బేసుకు గుండ్రంగా ఎనిమిది కాళ్ళుంటాయి, మొదలు ఎక్కడో తెలియడానికి ఒక గాడి ఉంటుంది.

"ఒసే, ఇలా రా. నాకు లెక్క తప్పిపోతన్నాది. గాడి కాడ నుంచి గడియారం తిరిగేపు నువ్వు లెక్కెట్టు. నాకు ఇనపడాలి."

నాన్న వేసిన బేసు మీద, మొదటి కాలికి సూది ఆనించి పట్టుకుంది. నేను తల ఊపాను. ఆవిడ సూది కదపలేదు. వేలు చూపించాను. కదపలేదు. వీధిలో సైకిలు పోయింది, పక్కింట్లో ఎవరో బొగ్గుల కుంపటి విసురుకుంటున్నారు, ఆవిడ చెయ్యి అలాగే ఉంది. చివరికి ఒకటి అన్నాను. అది నా గొంతులా లేదు. సూది రెండో కాలి మీదకు జరిగింది.

నాన్న వైపు లావుపాటి ఎర్ర తీగ మూడో కాలికి ఉంది. అమ్మ వైపు లెక్కపెడుతూ పోతే మూడు ఖాళీ, ఎర్ర తీగ ఆరు మీద కనిపించింది. ఎనిమిదికి పోవాల్సిన తీగ ఒకటి మీద ఉంది. నేను ఆగిపోయాను. ఆగి, "ముగ్గులాగ ఏసేసావే అమ్మా" అన్నాను. అంకెలు కాకుండా, రెండు వారాల్లో నేనన్న మొదటి మాట అదే.

ఆవిడ చెయ్యి ముగ్గుల చెయ్యి. ఇటు వేసిన పూరేకును అద్దంలో చూసినట్టు అటు వేస్తే ముగ్గు కుదురుతుంది, వాల్వు కుదరదు. బేసు ఏదైనా లెక్క ఒకే వైపు తిరుగుతుంది. వేడెక్కించే రెండు తీగలు మాత్రం ఒకదాని చోట ఒకటి పడ్డా ఫరవాలేదు గనక అది అంతసేపూ వెలుగుతూ మమ్మల్ని మోసం చేసింది.

అమ్మ అన్నీ విప్పి మళ్ళీ వేసింది. కాలు కాలుకూ నాచేత పైకి లెక్కపెట్టించింది, కొక్కెం కొక్కెం లాగి చూడమంది. సాయంత్రం ప్లగ్గు పెట్టి మైకు నా నోటి ముందుంచింది. ఏమనాలో తెలియక ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నాను. వీధి చివర కుక్కలు లేచి మొరిగాయి. జనం బయటికొచ్చి, ఈ పిల్ల ఇప్పుడైనా ఏడుస్తుందేమోనని చూశారు. ఏడవలేదు. లోపల ఇంకా బండగానే ఉంది. మంగళవారం పెట్టె భావనపాడు వెళ్ళిపోయింది, నాన్న వేసిన తీగల్లో ఒక్కటీ కదలకుండా.

ఆ రాత్రి అన్నం కలుపుతూ అమ్మ అంది. "ఏడుపు ఎప్పుడొస్తే అప్పుడొస్తాది. దానికోసం కూకోకు. తిను." అది ఆరు నెలల తర్వాత వచ్చింది, ఏ కారణమూ లేకుండా, చింతకాయ కొరుకుతుంటే.

పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకనాడు నాకు అనుమానం వచ్చింది. మా అమ్మ కళ్ళంలో కూర్చుని బస్తాలకు బస్తాలు ధాన్యం కొలిపించే ఇంటి ఆడపిల్ల. ఎవరెంత మాట్లాడిస్తున్నా ఆవిడ నోట లెక్క తప్పేది కాదు. అలాంటి మనిషికి ఎనిమిది కాళ్ళ దగ్గర తప్పడమేమిటి? అడిగాను. తప్పు వేసింది నిజమేనట. వాల్వులు మార్చి చూసినప్పుడే అది ఏయే కాళ్ళ మీద ఉందో కూడా తెలిసిపోయిందట. "మీ నాన్న గొంతు ఎలాగూ పోయింది. నీదీ పోతాదేమోనని బయమేసిందే" అంది. ఆవిడ భయపడటం నాకు ఆ ఒక్క మాటలోనే కనిపించింది.

పోయినేడు మా ఆయన పోయారు. విజయనగరంలో కొడుకు దగ్గరే ఉంటున్నాను. తాతకు అంటిపెట్టుకుని తిరిగిన ఎనిమిదేళ్ళ మనవరాలు మాట మానేసింది. డాక్టరుకు చూపిద్దామా అని కోడలు కంగారు పడింది. చూపించండి, తప్పేం లేదు అన్నాను. మధ్యాహ్నం పిల్లను పిలిచి, నా మందుబిళ్ళల అట్టలన్నీ దాని ముందు పోసి, అక్షరాలు ఆనడం లేదే అమ్మా, ఏ బిళ్ళ ఏదో చదివిపెట్టు అన్నాను. అది వేలు పెట్టి చూపించింది. కనపడటం లేదు, పైకి చదువు అన్నాను. అది నా మొహంలోకి చూసింది. నేను అట్ట పట్టుకుని అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి, కూడబలుక్కుంటూ, మొదటి అక్షరం చదివింది.

నాకు రెండు కళ్ళకూ శుక్లాలు తీయించి అప్పటికి ఆరు నెలలే అయింది. గోడ మీద పాకే చీమ కూడా కనిపిస్తుంది.