వాలుగ మింగేదాకా

మొన్న మానుకోట చేపల బజారులో ఒక వాలుగ ముందు నిలబడిపోయాను. వెడల్పాటి నోరు, పొడవాటి మీసాలు, పొలుసు లేని నున్నటి ఒళ్ళు, దాని మీంచి వాగు బురద వాసన. ఆ వాసన తగలగానే నా కుడిచేతి బొటనవేలు చురుక్కుమంది. అమ్మే ఆమె "ముక్కలు కొట్టాల్నా అక్కా?" అని ఎన్నిసార్లు అడిగిందో ఏమో, నాకు వినబడితేనా! అప్పటికే నేను యాకమ్మ మేడం పక్కన, ఆకేరు వాగు ఒడ్డున కూర్చుని ఉన్నాను.

యాకమ్మ మేడం మా ప్రైవేటు బడికి హెడ్మిస్ట్రెస్. మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల అమలాపురం నుంచి మానుకోట వచ్చిపడ్డ నాకు పని ఇచ్చింది ఆవిడే. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్ళన్నీ రోడ్డెక్కిన రోజులవి. ఆవిడ నినాదం అందుకుంటే చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు బయటికి వచ్చి చూసేవారు. అదే గొంతుతో మధ్యాహ్నం నన్ను "సుభద్రా, తిన్నవా?" అని అడిగేది. ఆ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతున్నాయో మొదట్లో నాకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు సాంబయ్య అనే రైతు ఆఫీసు గదికి వచ్చాడు. ఆయన కూతురు నా క్లాసే. నేనక్కడే ఉండడం చూసి కూడా మేడంతో అన్నాడు. "మా బిడ్డ ఇంటికొచ్చి 'వచ్చేశానండీ' అంటున్నది మేడం. ఇన్నేండ్లు సినిమాలల్ల మా మాటను ఎక్కిరించింది సాలదా? ఈ ఆంధ్ర టీచరును తీసెయ్యిండ్రి."

అందులో ఆయన బాధ ఏమిటో ఆలోచించే ఓపిక నాకెక్కడిది! అసలే ముక్కు మీద కోపం. ఆయన గుమ్మం దాటకముందే తెల్లకాగితం లాక్కుని, ఉద్యోగం మానేస్తున్నానని రాసి బల్ల మీద పడేశాను. మేడం దాన్ని చదవనైనా చదవలేదు. తీసి పేపరువెయిటు కింద పెట్టింది.

"ఆదివారం ఏం పనున్నది నీకు?"

"సామాన్లు సర్దుకోవాలండీ."

"సర్దుకుందువు తియ్యి. ముందుగాల నాతోని వాగుకు రా."

సమ్మెతో బస్సులు బందు. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. చెక్‌డ్యాం కింద నీళ్ళు లోతుగా, కలకగా ఉన్నచోట, ఎండ చల్లబడ్డాక, మేడం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రాతి మీద కూర్చుంది. వాళ్ళ నాన్న ఈ వాగులోనే చేపలు పట్టి ఆవిడను చదివించాడట. సంచిలోంచి కొయ్యముక్కకు చుట్టిన నైలాన్ దారం తీసింది. గాలానికి పైన జానెడు ఇనుప తీగ కట్టి ఉంది. వాలుగ పళ్ళకు దారం ఆగదట. బతికున్న చిన్న పరక చేపను ఎరగా వీపు దగ్గర గుచ్చి నీళ్ళలో వదిలి, దారం నా చేతికిచ్చింది.

"నేను గోదారి దాన్నండీ. తాతకు దగ్గులు నేర్పుతున్నారా?" అన్నాను.

"నేర్పుత లేనమ్మా, పట్టు సూద్దాం."

కాసేపటికి దారం లటుక్కున లాగింది. మా కాలవల్లో జెల్లల్ని పట్టినట్టు ఎగిరి ఒక్క గుంజు గుంజాను. ఖాళీ గాలం వచ్చి నా చీరకే తగులుకుంది. మేడం నవ్వింది చూడండి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాలుగ ముందుగాల నోట అడ్డం పట్టుకుంటది, మింగదు," అంది గాలం విడదీస్తూ. "పట్టుకొని పోతది, పోనియ్యి. ఒకకాడ ఆగి తిప్పుకొని మింగుతది. మళ్ళ కదిలినప్పుడు గుంజాలె. మొదలు గుంజింది అదైతే, నువ్వు ఎగిరి పడుడెందుకు?"

రెండోసారి లాగినప్పుడు ఆవిడ నా బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి, దారాన్ని మెల్లగా వదలనిచ్చింది. అది వేలిని కోసుకుంటూ పోతూనే ఉంది. ఆగింది. నేను గుంజబోయాను. "జర ఆగు," అంది చెవిలో. దారం మళ్ళీ కదిలింది. అప్పుడు గుంజాను. ఇద్దరం కలిసి లాగితే ఒడ్డుకొచ్చింది, నా చేయికన్నా పొడుగున్న వాలుగ! నేను చిన్నపిల్లలా కేక పెట్టాను.

మర్నాడు మానుకోట రోడ్డు మీద వంటా వార్పు. రోడ్డు మీదే వండుకుని తినే నిరసన అది. పొయ్యి వెలిగించిన మేడం, గరిటె నా చేతికిచ్చి, "నిన్నటి వాలుగను నీ తీరుగనే వండు," అంది. మా అమ్మ చేసినట్టే చింతపండు పులుసులో చిన్న బెల్లం ముక్క వేశాను. వరసలో అందరికన్నా ముందు కూర్చున్నది ఎవరనుకున్నారు? సాంబయ్యే! ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసు తియ్యగున్నదేంది? గిది చేపల కూరనా, పాయసమా?" అన్నాడు. జనమంతా గొల్లుమన్నారు.

నా నోటి దాకా వచ్చింది మాట. గరిటె అక్కడే పడేసి స్టేషనుకు పోదామనిపించింది. వెనకనుంచి మేడం చెయ్యి వచ్చి నా బొటనవేలి మీద పడింది. "పోనియ్యి," అంది, నాకు మాత్రమే వినబడేలా. పళ్ళు బిగపట్టి నిలబడ్డాను. సాంబయ్య తల వంచుకుని ఆకు ఊడ్చుకు తిన్నాడు. తరవాత ఆకు ముందుకు జరిపాడు.

"ఇంకింత పొయ్యి టీచరమ్మా."

పోశాను. ఆయన నా మొహంకేసి చూడకుండానే అన్నాడు. "సదువు మంచిగనే చెప్తున్నవట, బిడ్డ అన్నది. ఉండు. మా మాటనైతే మార్చకు."

"మార్చనండీ."

"గా 'అండీ' నీకు పోదుగని!" అంటే ఈసారి అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను.

గిన్నెలు కడిగేటప్పుడు, నా కాగితం వెనక్కిచ్చేయమని మేడాన్ని అడిగాను. "ఏ కాగితం? పొద్దుగాల పొయ్యి అంటుకోకుంటే అండ్ల పెట్టిన," అంది, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ. సాంబయ్య రాకముందే, పులుసు మరగకముందే! ఆవిడకు నా మీద అంత నమ్మకం ఎలా కుదిరిందో ఇప్పటికీ తెలియదు. ఆ నమ్మకానికి ఏమిచ్చినా నా రుణం తీరదు.

రాష్ట్రం వచ్చిన రోజు మేడం మా ఇంటికొచ్చి, నా నోట్లో మిఠాయి కుక్కి, "ఇగ నువ్వు పరాయి రాష్ట్రమోళ్ళ పిల్లవు. వీసా ఉన్నదా?" అని నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆ గాలం నా బీరువాలో ఉంది, ఆవిడ కుర్చీలో నేనున్నాను.

పోయిన వారం శాంతి అనే కొత్త టీచరు నా గదికొచ్చింది. కొత్తగూడ వైపు తండా పిల్ల, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఆ పిల్ల తెలుగు యాసను ఒక పిల్లాడి తల్లి అందరిముందూ వెక్కిరించిందట. కళ్ళు ఎర్రగా చేసుకుని, మానేస్తున్నానని రాసిన కాగితం నా బల్ల మీద పెట్టింది. నేను చదవలేదు. పేపరువెయిటు కింద పెట్టాను. ఆ తరవాత నా నోటి నుంచి వచ్చిన మాట అమలాపురం మాట కాదు.

"ఆదివారం ఏం పనున్నది నీకు?"