కాణిపాకం మెట్ల మీద

పూతలపట్టు ధనభాగ్యం రోజూ మొగుడికి సంగటి పెట్టాకే నోట్లో తమలపాకు వేసుకుంటుంది. డెబ్బై ఏడో సంవత్సరం పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ఆమె మొగుడి మాట వినలేదు. ఇంట్లో రెండు ఓట్లూ తన మేనమామ చెప్పిన పార్టీకే పడాలన్నాడు మొగుడు ఏకాంబరం. ఆమె చాలాసేపు ఆలోచించి, తనకు నచ్చిన గుర్తు మీదే ముద్ర గుద్దింది.

ఏకాంబరానికి అనుమానం వచ్చి, మర్నాడే ప్రమాణం చేయించడానికి కాణిపాకం తీసుకుపోయాడు. కోనేట్లో మునిగి, సత్యప్రమాణాల దేవుడైన ఆ వినాయకుడి ముందర అబద్ధమాడే ధైర్యం ఆమెకు లేదు. నిజం చెబితే పుట్టింటికి తరిమేస్తాడని భయం.

"నువ్వూ మునుగు. ఇద్దరం ప్రమాణం జేద్దాం," అంది చివరికి.

ఏకాంబరం మెట్టు మీదే ఆగిపోయాడు. "వద్దులే మే. నేనూ మామ సెప్పినోళ్లకి ఎయ్యలా."

"నీ యవ్వారం బాగుండాది! మరి నన్నెందుకు ఈడికి లాక్కొచ్చినావు?" ధనభాగ్యం మెట్ల మీద కూలబడి కడుపుబ్బా నవ్వింది.

ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చిన ఎన్నికల్లో వాళ్ళ కోడలు మొదటిసారి ఓటేసింది. ఎవరికని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.