హేలర్ వీధి మెట్ల మీద చెప్పులు

ఒక ప్రార్థనాలయం మెట్ల మీద వరుసగా విడిచిన చెప్పులను మా నగరపాలక సంస్థ చెత్తగా నిర్ణయించి లారీలో వేసుకొని పోయింది. అంతటితో ఆగక, బహిరంగ స్థలంలో చెత్త పారబోయించారన్న నేరం మోపి, ప్రతి ఆదివారం ఆ చెప్పుల వాళ్లను అక్కడికి తీసుకువచ్చే మనిషిని ఇకపై తీసుకురాకూడదని ఆజ్ఞాపించింది.

ఆ మనిషి డాక్టర్ ఆండాళ్. ఎనభైకి దగ్గరపడిన విశ్రాంత వైద్యురాలు. న్యూజెర్సీలో నది వారనున్న మా నగరంలో హేలర్ వీధి అని ఒక పాత యూదుల పేట ఉంది. నేడు అక్కడ సగం కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టి ఉన్నాయి. పందొమ్మిది వందల డెబ్బైల్లో ఆవిడ గుంటూరు నుంచి వచ్చి ఆ వీధి చివరి ఆసుపత్రిలో చేరేనాటికి పేట కళకళలాడుతుండేది. శాకాహారి అయిన ఆవిడకు బయట ఏ రొట్టె ముట్టుకోవాలన్నా పంది కొవ్వు భయం. హేలర్ వీధిలోని పాల హోటల్లో ఆ భయం లేదు. పాలూ మాంసమూ కలపకూడదన్నది యూదుల నియమం గనుక ఆ వంటింట్లోకి మాంసం రానే రాదు. అయితే చేపను వాళ్లు మాంసంగా లెక్కించరన్న సంగతి సగం భోజనమయ్యాక తెలిసింది. ఆ పూట ఆవిడ పస్తు. మరునాటి నుంచి హోటలు యజమానురాలే "డాక్టర్ పళ్లెం వేరు" అని వంటవాళ్లను హెచ్చరించేదట.

ఆ వీధి ఋణం తీర్చుకోవాలని ఆవిడ, ఉద్యోగ విరమణ తరువాత, శివార్లలోని తెలుగు కుటుంబాలను ఆదివారాలు అక్కడ నడిపించసాగారు. ఆ నడక ముగిసేది పేటలో మిగిలిన ఒకే ఒక యూదుల ప్రార్థనాలయంలో, అంటే సినగాగ్‌లో. భక్తులు వలసపోయారు. మిగిలింది కాపలాదారు హెర్షెల్ ఫాగెల్మన్ ఒక్కడే. చూసేవాళ్లు వచ్చినంతకాలమే తలుపు తీసి ఉంచుతామనీ, రాకపోతే అమ్మేస్తామనీ భవనం ధర్మకర్తలు అతనికి ఏనాడో చెప్పారు.

మొదటి ఆదివారం మేమందరం అలవాటుగా మెట్ల మీద చెప్పులు విడిచాం. ఫాగెల్మన్ నిర్ఘాంతపోయాడు.

"డాక్టర్, వీళ్లంతా ఈతకు వచ్చారా?"

"గుడిలోకి చెప్పులతో వెళ్లం, హెర్షెల్."

"మా దగ్గర తల కప్పుకోవాలి. కాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు."

"తలా కప్పుకుంటాం. మీ దేవుడికేమైనా అభ్యంతరమా?"

అతడు గడ్డం గోక్కున్నాడు. "మా ప్రవక్త మోషేని చెప్పులు విప్పమన్నది ఆయనేగా. ఉండదులే." మరుసటి ఆదివారం వరుస చివర అతని బూట్లు కూడా కనిపించాయి.

గత ఆదివారం లోపల పెచ్చులూడిన కప్పు మీది నీలిరంగు నక్షత్రాలు చూసి బయటికి వచ్చేసరికి మెట్లు బోసిగా ఉన్నాయి. రెయిలింగుకు నోటీసు అంటించి ఉంది: 'అక్రమంగా పారవేసిన పాదరక్షలు తొలగించబడ్డాయి.' పక్కనే నాలుగేళ్లుగా కుళ్లుతున్న పరుపు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని తీయమని నేను రాసిన ప్రతి ఉత్తరం నకలూ నా దగ్గర భద్రంగా ఉంది. జవాబు ఒక్కటీ లేదు.

"ఆంటీ, నా షూస్! బ్రాండ్ న్యూ, లైన్‌లో నిలబడి కొన్నా!" అని శ్రేయాస్ ఆండాళ్ దగ్గర గోల పెట్టాడు. ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"గుడి ముందు పోయాయి కదా నాయనా, నీ శని వదిలిందనుకో."

"శని కాదాంటీ, సైజ్ ట్వెల్వ్ వదిలింది!"

ఫాగెల్మన్ కూడా సాక్సులతోనే నిలబడి పడీపడీ నవ్వాడు. తరువాత లోపలికి వెళ్లి ఒక బీరువా తెరిచాడు. నిండా గుడ్డ బూట్లు.

"ఏటా ప్రాయశ్చిత్త ఉపవాసం నాడు మేం తోలు తొడుక్కోం. ఆ ఒక్క రోజుకని ఎవరి జత వాళ్లు ఇక్కడ దాచుకునేవాళ్లు. తీసుకెళ్లడానికి వాళ్లు లేరు. వేసుకోండి."

"మరి తిరిగి ఇవ్వాలి కదా?" అన్నారు ఆండాళ్.

"ఇవ్వాలి మరి! వచ్చే ఆదివారం."

నా వంతుకు వచ్చిన జత లోపల సిరాతో 'సాల్' అని రాసి ఉంది. ఎవరో ఆ సాల్, పాదాలు నాకంటే పెద్దవి. హేలర్ వీధి పొడవునా టపటప శబ్దం చేస్తూ, నవ్వుకుంటూ నడిచాం. ఆండాళ్ పాల హోటలు మూసిన తలుపు ముందు ఆగి, "చూడమ్మా, మీవాళ్ల బూట్లు మళ్లీ ఇటు వచ్చాయి" అన్నారు.

బుధవారం నిషేధపు ఆజ్ఞ వచ్చింది.

అయ్యా, నగరపాలక అధికారులారా! మీ ఆజ్ఞ అమలైతే ఆ తలుపు మూతపడుతుంది, ఆ బూట్లు మా ఇళ్లలో మిగిలిపోతాయి. పరుల సొత్తు ఉంచుకోవడం మాకు చేతకాదు. అందుచేత ఆజ్ఞను శనివారంలోగా రద్దు చేయండి. ఫాగెల్మన్ బూట్లతో సహా మా చెప్పులన్నీ ఎక్కడి నుంచి తీశారో ఆ మెట్ల మీదనే పెట్టండి. వచ్చిన లారీ ఖాళీగా పోనక్కరలేదు. ఆ పరుపు తీసుకుపొండి.