ఎడమ తలుపు

నా చిన్నప్పుడు మా నాన్న గవర్నర్‌పేటలో ఒక లాయరు గారి కారు నడిపేవాడు. కారు లాయరు గారిదే గానీ, దాని మీద ప్రేమంతా మా నాన్నదే. రోజూ పొద్దున్నే కడిగి, లోపల పాత చీర ముక్కతో తుడిచేవాడు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళి ఓ చెయ్యి వేసేదాన్ని. సీటు మీద మాత్రం కూర్చోకూడదు. డ్రైవరు ఇంటివాళ్ళు కారెక్కరని నాన్న లాయరు గారికి మాటిచ్చాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వద్దన్న పనే ముందు చేసే రకాన్ని. ఒకరోజు నాన్న నీళ్ళకు వెళ్ళగానే ఎక్కి కూర్చున్నాను. అచ్చనగాయలాడే ఐదు గులకరాళ్ళూ ఎడమ తలుపు అంచు మీద వరసగా పేర్చి, దొరసానిలా బయటికి చూస్తున్నాను. ఇంతలో బకెట్టు చప్పుడు. గబుక్కున రాళ్ళు లాక్కోబోతే, రెండు అద్దం పక్క సందులోంచి తలుపు లోపలికి జారిపోయాయి. మిగిలిన మూడూ గుప్పిట్లో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు దిగిపోయాను.

మర్నాటి నుంచి కారులో టకటకమని ఒకటే చప్పుడు. మంచి రోడ్డు మీద వినపడదు, కాలవ గట్టెక్కితే చాలు మొదలు. లాయరు గారు వెనక కూర్చుని కేసు కాయితాలు చదువుకునే మనిషి. ఆయనకు ఒళ్ళు మండింది. గుంతల్లో తోలి బండి పాడుచేశావనీ, సోమవారానికి ఈ గోల పోకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాననీ చెప్పేశారు. నాన్న కనపడ్డ స్క్రూనల్లా బిగించాడు. సైకిలు ట్యూబు ముక్కలు కోసి సందుల్లో దూర్చాడు. చప్పుడు పోలేదు. అన్నం ముందు కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ, హనుమాన్ జంక్షన్ దగ్గర గుంతలో పడ్డప్పుడే అయ్యుంటుందని అమ్మతో అనేవాడు. నోరు విప్పితే నేను సీటెక్కిన సంగతి బయటపడుతుంది, అప్పుడూ ఉద్యోగం పోతుంది. అందుకని దొంగ మొహం వేసుకుని తిరిగాను.

శనివారం నాన్న కారుని ఆటోనగర్ తీసుకెళ్ళాడు. మేం పటమటలో ఉండేవాళ్ళం, దగ్గరే. అమ్మ నా చేత అన్నం క్యారేజీ పంపింది. సీట్లూ, తలుపుల లోపలి అట్టలూ బాగుచేసే ఒక ముసలి మేస్త్రి ఉండేవాడక్కడ. చప్పుళ్ళు పట్టడానికి ఆయనదొక పద్ధతి. బండి గతుకుల మీద పోతుంటే లోపల ఒక్కోచోటా అరచెయ్యి అదిమిపెట్టి, అదురు ఎక్కడ తగులుతుందో చూడాలి. చప్పుడు చెవిని మోసం చేస్తుంది గానీ చేతిని చెయ్యలేదనేవాడు.

"నా మోకాళ్ళు వంగవు. ఈ పిల్లని వెనక కూర్చోబెట్టు, చెయ్యి పెట్టి చూస్తుంది" అన్నాడు.

"అమ్మో, వద్దండీ. లాయరు గారికి తెలిస్తే..." అని నాన్న కంగారుపడ్డాడు.

"నా షెడ్డుకొచ్చాక ఇది లాయరు గారి కారు కాదయ్యా, రోగి" అన్నాడు మేస్త్రి తాత.

షెడ్ల వెనక గతుకుల బాట మీద మూడుసార్లు తిప్పారు. పైకప్పు గుడ్డ మీద, ముందు సీటు వెనకవైపున, కుడి తలుపు మీద, అన్నిచోట్లా చెయ్యి పెట్టి "లేదు తాతా" అంటూ వచ్చాను. ఎడమ తలుపు వైపు నా చెయ్యి పోతే ఒట్టు. తాత ముందు సీట్లోంచి తల తిప్పి నన్నే చూస్తున్నాడు.

దిగాక తిన్నగా కుడి తలుపు దగ్గరికే వెళ్ళి, దాని లోపలి అట్ట ఊడదీయసాగాడు. నాన్నని తలుపు పట్టుకోమన్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. నాన్న చెమటలు కక్కుతూ పట్టుకున్నాడు. లోపల ఏమీ లేదు.

"ఎవరో బండిని బాగానే కుదిపేశారయ్యా" అన్నాడు తాత నింపాదిగా.

నాన్న తల దించుకున్నాడు. "నేనేనండీ. నా చెయ్యి మొరటైపోయినట్టుంది. వేరే మనిషిని చూసుకోమని లాయరు గారికి నేనే చెప్పేస్తాను."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్ళి ఎడమ తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

ఆ అట్ట ఊడదీస్తే నా రాళ్ళు రెండూ అడుగున ఉన్నాయి. నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. టైరు పక్కన కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"అన్నిచోట్లా పెట్టి అక్కడొక్కచోటే పెట్టలేదు, అప్పుడే తెలిసిందమ్మా" అన్నాడు తాత నాతో. "ఆ అట్ట నేనే ముందు తీసేస్తే రాళ్ళు బయటికొచ్చేవి. నువ్వు బయటికొచ్చేదానివి కాదు."

లాయరు గారికి బోల్టు వదులైందని చెప్పెయ్యమన్నాడు తాత. నాన్న ఒప్పుకోలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉద్యోగం పోలేదు గానీ, అంతవరకూ నాన్న దగ్గరుండే కారు తాళం ఆ రోజు నుంచి లాయరు గారు తన దగ్గరే ఉంచుకున్నారు. రోజూ పొద్దున నాన్న గుమ్మం బయట నిలబడి అడిగి పుచ్చుకునేవాడు. అది నా వల్లే. ఆ రెండు రాళ్ళూ నా చేతిలో పెట్టి, "ఐదూ ఉండాలిగా, ఆడుకో" అన్నాడు నాన్న. దానికంటే నాలుగు తగిలించినా బాగుండేది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లో ఏదైనా చెడి, ఎందుకిలా అయిందని అందరం తలోమాటా అనుకుంటుంటే, నా చెయ్యి ఎక్కడికి పోనంటోందో ముందు చూసుకుంటాను. అక్కడ పెట్టాలంటే ఇవాళ్టికీ భయమే. ఎండలో తప్పుడు తలుపు పట్టుకుని నిలబడ్డ మా నాన్న గుర్తొస్తాడు. పెడతాను.