ఐదయ్యాక చిజురు ఎందుకు లేవలేదంటే

చిజురు పెళ్లి కోసం జర్మనీ వచ్చిందనీ, పని చేతకాక ఉద్యోగం పోగొట్టుకుందనీ మన డ్యూసెల్డార్ఫ్‌లో చెప్పుకుంటున్నారు. రెండూ తప్పే. పెళ్లి ఊసే లేదు. ఉద్యోగం పోయేదాకా వచ్చిందన్నది మాత్రం నిజం. ఆ సంగతి తేలింది నా అన్నం ముద్దల కొట్లోనే కాబట్టి నేనే చెబుతాను.

చిజురు కట్టుడు పళ్లు చేస్తుంది. మా జపాన్‌లో, నీగతాలో పన్నెండేళ్లు చేసినా, నలుగురికీ కనబడే ముందు పళ్లు మగవాళ్లకిచ్చి, ఈమెకి దవడ పళ్లే పడేసేవారట. ముందు పళ్లు చెయ్యాలనే ముప్పై నాలుగేళ్ల వయసులో ఇక్కడికొచ్చి, కట్టుడు పళ్ల ల్యాబు నడిపే బ్రిగిట్టె గారి దగ్గర చేరింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారు. చెయ్యకపోతే వీసా ఉండదు. మళ్లీ నీగతా, మళ్లీ దవడ పళ్లు.

ఐదో నెలలో ఒక సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ కొట్టుకొచ్చింది.

"పాపం మా యజమానికి ఇంట్లో ఎవరూ లేరేమో అక్కా. ఐదుకే పనైపోతుందా, ఏడైనా కుర్చీ వదలదు. నేను కడిగిన బ్రష్షులే మళ్లీ కడుగుతూ కూచుంటున్నా."

"వెళ్లమని చెప్పకపోయావా?"

"యజమానిని ఇంటికి పొమ్మంటానా? భలేదానివి."

వారం తిరక్కుండా బ్రిగిట్టె గారే వచ్చారు. రెండు చేప ముద్దలు తీసుకుని, నిలబడే తింటూ మొదలెట్టారు.

"ఆ అమ్మాయి చేసిన పన్ను పెట్టుకుంటే సొంత పన్నే అనుకుంటారు. కానీ ఐదుకి పని తెమలదు. ఏడు దాకా ఏదో రుద్దుతూనే ఉంటుంది. తాళం వెయ్యాల్సింది నేను. మా ఆయన రోజూ ఒక్కడే తింటున్నాడు. ఇంక ఉంచుకోలేనమ్మా."

నాకు నవ్వాగలేదు. "మీరు లేవందే ఆమె లేవదండీ. పెద్దవాళ్లకంటే ముందు ఇంటికెళ్తే మావాళ్లకి తలకొట్టేసినట్టుంటుంది."

ఆవిడ నమలడం ఆపారు. "అంటే ఐదు నెలలూ ఒకరి కోసం ఒకరం కూచున్నామా?"

"మీ ఆయన్ని ఒంటరివాణ్ణి చేసి మరీ."

మర్నాడు ఐదింటికి ఆవిడ చిజురు బల్ల దగ్గర నిలబడి, "లే. ముందు నువ్వు" అన్నారట. చిజురు కోటు తొడుక్కుని, గుమ్మం చేరేలోగా మూడుసార్లు వంగి, "ముందు పోతున్నా, ఏమనుకోకండి" అందట.

"వెళ్లకపోతేనే అనుకుంటా."

నెల తిరిగేసరికి ఖాయం కాగితం మీద సంతకం అయింది. ఇప్పుడు చిజురు బల్ల మీద అన్నీ ముందు పళ్లే.

ఈ వారం బ్రిగిట్టె గారు మొగుడితో సముద్రానికెళ్తూ తాళం చిజురుకిచ్చారు. లెమ్మనేవాళ్లు లేరు కదా, నిన్న ఆరున్నరకీ అక్కడే ఉందట. నేను కొట్టు వదిలి కదల్లేను. మీరెవరైనా స్టేషను వెనక సందులోంచి వెళ్తూ, ఐదు దాటాక ల్యాబు కిటికీలో దీపం చూస్తే, అద్దం మీద తట్టి ఇంటికి పంపండి.