తీర్థన్ వాగులో తేలిన నా నోట్స్ తప్పు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు జువాలజీ చెప్తాను. "చల్లటి వాగుల్లో చేపలుంటే నీటి పురుగులుండవు" అన్న నా నోట్స్ వాక్యాన్ని చిక్కడపల్లి జిరాక్స్ షాపుల నుంచి నారాయణగూడ హాస్టళ్ల దాకా అందరూ బట్టీ పట్టారు. మార్చిలో రజిత అనే అమ్మాయి లేచి, "గట్లయితే చేపలు ఏం తిని బతుకుతయ్ అక్కా?" అంది. "పరీక్షలో ఇదే రాయి" అని కూర్చోబెట్టాను. ఆ మాటకు నాకే సిగ్గేసింది. సెలవులివ్వగానే హిమాచల్‌లో ట్రౌట్ చేపలుండే తీర్థన్ లోయకు బయల్దేరాను.

సికింద్రాబాద్ నుంచి రైల్లో ఢిల్లీ, అక్కడ సాయంత్రం మనాలీ బస్సు. తెల్లారి ఔట్ అనే ఊరి దగ్గర దిగితే బంజార్‌కు లోకల్ బస్సులుంటాయి. లోయలోని హోమ్‌స్టేలో భోజనంతో రోజుకు పదిహేను వందలు. అక్కడ వంటచేసే మోహన్ గారు నా హైదరాబాదీ హిందీకి నవ్వి, మర్నాడు ఎనిమిదింటికి తానే వాగుకు తీసుకెళ్లారు.

ముందు జలపాతం పైకి ఎక్కాం. చేపలు అంత ఎత్తు ఎక్కలేవట. అక్కడ లావుపాటి పురుగులు పట్టపగలే రాళ్లమీద పాచి మేస్తున్నాయి. కిందికి, చేపలున్న చోటికి దిగితే రాళ్లమీద ఒక్క పురుగూ లేదు, తినేవాళ్లు లేక పాచి మాత్రం దట్టంగా ఉంది. దానిమీద జారి కూలబడి కూడా, "చూశారా, నేను రాసింది కరెక్టే!" అన్నాను.

"రాయి తిప్పి చూడండి మేడమ్" అన్నారాయన.

అడుగున సన్నటి, బల్లపరుపు పురుగులు డజన్ల కొద్దీ అతుక్కుని ఉన్నాయి. "పగలు చేపకు కనబడితే అయిపోయినట్టే. చీకటి పడ్డాకే పైకొస్తాయి" అన్నారు. చేప పురుగుల్ని లేకుండా చేయలేదు. ఏవి మిగలాలో, ఎక్కడ, ఏ వేళ మేయాలో మార్చింది, అంతే. కాళ్లు మొద్దుబారినా ఆ రాయి వదలబుద్ధి కాలేదు, అంత సంతోషమేసింది.

తిరుగుదారిలో బంజార్‌లో సిగ్నల్ రాగానే జిరాక్స్ అన్నకు ఫోన్ చేసి నా నోట్స్ అమ్మడం ఆపమన్నాను. "ఏందక్కా, పరీక్ష ముంగట మారిస్తే పిల్లలు పరేషాన్ అయితరు. మిమ్మల్ని మల్ల నమ్ముతరా?" అన్నాడు. దారంతా నాకూ అదే భయం.

మీరు వెళ్తే పొద్దున్నే వాగులో దిగండి, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. తిప్పిన రాయిని మళ్లీ అలాగే పెట్టండి. చూడకుండా చెప్పడం నాకు ఇన్నేళ్లుగా అలవాటైపోయింది. అది మానడం కష్టమే, కానీ చేతనవుతుందని ఇప్పుడు నమ్మకం కుదిరింది.

సోమవారం క్లాసులో తప్పు ఒప్పుకున్నాను. రజిత ఆ వాక్యం కొట్టేసి, నోట్స్‌లో పేజీలు తిప్పింది.

"అయితే అక్కా, నలభయ్యో పేజీల నాకింకో డౌటుంది. ఇన్నొద్దులు అడగనీకి భయపడ్డ."

కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను.