సంఘానికి నేను తెచ్చిన చిన్న గ్లాసులు

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. ఏ పాస్టరు గారికీ చెప్పలేదు. ప్రార్థనలో కూడా చుట్టూ తిప్పి చెప్పానే గాని సూటిగా అనలేదు. దేవుడికెలాగూ తెలుసు గదా అని సరిపెట్టుకున్నాను. మీకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు గనక. నా పేరు మీకెందుకు? రిటైరైన నర్సుని, బెజవాడలో ఉంటాను, ముసలిదాన్ని. అంతవరకు చాలు.

బరువు మోశానంటే రోజంతా మూలుగుతూ మోశానని కాదు. పిల్లల్ని పెంచాను, నైట్ డ్యూటీలు చేశాను, నవ్వాను, పోట్లాడాను. నెలకో ఆదివారం మాత్రం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర, గ్లాసు వైపు చూడకుండా కళ్ళు మూసుకుని తాగేదాన్ని. పోయిన నెల మా కొత్త పాస్టరు గారు, చిన్నవాడు పాపం, ప్రసంగం మధ్యలో నన్ను లేచి నిలబడమన్నారు. సంఘమంతా ఒకే పాత్రలో తాగే రోజుల్లోనే విడివిడిగా చిన్న గ్లాసులు పెట్టించింది ఈ అమ్మగారేనట, ఎంత ముందుచూపో చూడండి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సిగ్గులేకుండా చేతులు జోడించాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

దివిసీమ ఉప్పెనకు ముందు మాట ఇది. నాకింకా పెళ్ళి కాలేదు. మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు, నాన్న బడిపంతులు. నర్సింగు చదివించారు గాని మొదటి ఉద్యోగం పెద్దరోగం ఆసుపత్రిలో దొరికింది. పెద్దరోగమంటే కుష్ఠు. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. అక్కడ పుళ్ళు కడిగాను, కట్లు కట్టాను, చేతులు పోయినవాళ్ళకి అన్నం తినిపించాను. మీరు నమ్మినా నమ్మకపోయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. తర్వాత బెజవాడలో మామూలు ఆసుపత్రికి మారినప్పుడు నాన్న ఒక్కటే చెప్పారు, ఆ వార్డు సంగతి ఎక్కడా ఎత్తొద్దని. పెళ్ళి కావలసిన పిల్లవి, కాన్పుల వార్డులో చేశానని చెప్పుకో అన్నారు. అలాగే చెప్పుకున్నాను.

బందరు కాలువ పక్కన మా చర్చి. అక్కడే సంబంధం కలిసేలా కనిపించింది. సంఘ పెద్దల్లో ఒకాయన కొడుకు, రైల్వేలో ఉద్యోగం. ఆ అబ్బాయి తల్లి ఆదివారమొస్తే నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, నా పాట, నా జడ, నా నడక అన్నీ పరీక్ష చేసేది. నేనూ బుద్ధిగా పరీక్షకు కూర్చునేదాన్ని. అబ్బాయంటే నాకిష్టం, ఇందులో దాచేదేముంది. ఆవిడ తర్వాత నాకు అత్తగారయింది గనక ఇక్కణ్ణించి అత్తగారనే అంటాను.

అప్పటి పాస్టరు గారు మెత్తటి మనిషి, కానీ పట్టినపట్టు విడిచేవారు కాదు. ఈ గుమ్మం అందరిదీ అని చర్చి ముందు గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. రాయించడం వరకు అందరికీ బాగానే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి వరండాలో ఒక మూల కూర్చుని ఆరాధన వింటున్న ఒక పెద్దావిణ్ణి ఆయనే చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చోబెట్టారు. పేరు ఎస్తేరమ్మ అని చెప్పారు. పెద్దరోగం వచ్చి, మందులు వాడి నయమైందని, చెల్లెలి కూతురి దగ్గర ఉండడానికి ఈ ఊరొచ్చిందని చెప్పారు.

నాకు ఎస్తేరమ్మ తెలుసు. నా వార్డులో పేషెంటు. పుళ్ళు పడి రెండు చేతులకీ కట్లున్న రోజుల్లో ఆవిడకు మంచినీళ్ళు నేనే తాపేదాన్ని. ఆ కట్లు విప్పేసరికి వేళ్ళు లేవు, మొదళ్ళు మిగిలాయి. మా అమ్మ పేరు, మా తమ్ముడి మూర్ఛలు, అన్నీ ఆవిడకు చెప్పుకున్నాను. నన్ను తల్లీ అని పిలిచేది.

ఆరాధన అయ్యాక అందరూ వచ్చి వందనాలు చెబుతున్నారు. ఎస్తేరమ్మ నన్ను చూసింది. ముఖం వెలిగింది, నోరు తెరిచింది. నా ముఖంలో అప్పుడేం కనిపించిందో నేను చెప్పలేను, నాకు కనిపించదు గదా. నా పక్కన అత్తగారున్నారు. ఎస్తేరమ్మ ఒకసారి ఆవిణ్ణి చూసింది, ఒకసారి నన్ను చూసింది. మీది ఏ ఊరండీ అమ్మాయిగారూ అని అడిగింది. అండీ అని. నేను ఊరి పేరు చెప్పాను. ఓహో, అటువైపు పొలాలు బాగా పండుతాయంటారండీ అంది. ఎంత మర్యాదస్థురాలో అని అత్తగారు దారిపొడుగునా మెచ్చుకున్నారు.

చూశారా, ఒక్క చూపుతో నా గుట్టు తెలుసుకుని కడుపులో పెట్టుకుంది. నేనేం అడగలేదు. ఆవిడ నోరు జారుతుందన్న భయం నాకు ఏనాడూ లేదు. అయినా ఆదివారం వస్తోందంటే ఆ పూట డ్యూటీ వేయించుకుందామా అని చూసేదాన్ని. ఆవిడ అటు చాప మీద కూర్చుని నన్ను కొత్తమనిషిలా చూస్తుంటే నేను పాట పాడలేకపోయేదాన్ని. మంచితనాన్ని భరించడం కూడా కష్టమేనా? నాకైతే కష్టమైంది.

ఇంతలో బల్ల ఆదివారం దగ్గరపడింది. మా చర్చిలో పాస్టరు గారే పాత్ర పట్టుకుని, వరసగా మోకరించినవాళ్ళ నోటికి ద్రాక్షరసం అందించేవారు. ఎస్తేరమ్మ కూడా ఆ వరసలో ఉంటుందన్నారాయన. అప్పుడు మొదలైంది గొణుగుడు. లోపలికి రానిచ్చాం, చాప మీద కూర్చోనిచ్చాం, ఇప్పుడు ఎంగిలి కూడానా అని. వాళ్ళని చెడ్డవాళ్ళనుకోకండి. పిల్లలు గలవాళ్ళు, భయం వాళ్ళది. తెలిసినవాళ్ళు ఒకరు చెబితే పోయే భయమే అది. ఆరాధన అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు పాస్టరు గారు. ఎస్తేరమ్మ తనంతట తానే లేచి వరండాలోకి వెళ్ళి కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది. పాస్టరు గారు అటూ ఇటూ చూసి నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నయమైన మనిషి ఎంగిలి వల్ల ఈ జబ్బు ఇంకొకరికి అంటుకుంటుందా?"

అంటుకోదు. అదీ జవాబు. నాకు తెలిసినంత బాగా ఆ చర్చిలో ఇంకెవరికీ తెలియదు. కానీ అంటుకోదంటే, నీకెలా తెలుసని అడుగుతారు. అత్తగారు నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఖచ్చితంగా చెప్పలేమండీ," అన్నాను.

పాస్టరు గారు తల దించుకున్నారు. అక్కడితో నేను ఆగలేదు. నోరు మూసుకుని కూర్చున్నా సగం పాపంతో పోయేది. కొన్ని పెద్ద చర్చిల్లో విడివిడిగా చిన్న గ్లాసులు పెడతారండీ, అలా అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఎస్తేరమ్మ గారు కూడా అందరితో పాటే తీసుకోవచ్చు అన్నాను. పామూ చావదు, కర్రా విరగదు. అందరి ముఖాల్లో హమ్మయ్య అన్నట్టు కళ వచ్చింది. పాస్టరు గారు కూడా తలెత్తి, ఎవరినీ దూరం పెట్టనక్కర్లేదన్నమాట అని సంతోషించారు. అత్తగారు నా వీపు తట్టారు. ఆ నెలలోనే మా సంబంధం ఖాయమైంది.

బల్ల ఆదివారం వచ్చింది. ట్రే నిండా చిన్నచిన్న గాజు గ్లాసులు, తళతళలాడుతున్నాయి. ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుంటున్నారు. ఎస్తేరమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చి వరసలో మోకరించింది. నాకు నలుగురి అవతల. ట్రే తన ముందుకొచ్చాక రెండు అరచేతుల మధ్య గ్లాసును ఇరికించి ఎత్తబోయింది. చేతులకి స్పర్శ లేదు, పట్టు లేదు. ఆ గ్లాసేమో రెండు వేళ్ళతో పట్టుకోవలసినది. కొంచెం లేచింది. జారింది. రసమంతా చీర మీద పడింది.

ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఫరవాలేదమ్మా ఫరవాలేదు అన్నారు అందరూ. పాస్టరు గారు చప్పున ఇంకో గ్లాసు తీసి తానే నోటికి అందించబోయారు. ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి మరి. చాలండీ, ప్రభువు చూశాడు గదా అని లేచి, ఎవరికీ తగలకుండా గోడవారగా బయటికి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళాను. పెరట్లో కుళాయి దగ్గర కొంగు కడుక్కోవాలని చూస్తోంది. కుళాయి తిప్పలేకపోతోంది. నేను తిప్పాను. కొంగు నా చేతిలోకి తీసుకోబోతే వెనక్కి లాక్కుంది.

"ఎవరన్నా చూస్తారు. లోపలికెళ్ళు తల్లీ."

"నాకు తట్టలేదు ఎస్తేరమ్మా. నీ చేతుల సంగతి నాకు తట్టలేదు."

"తట్టలేదా?"

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. కోపంగా కాదు. నేను చూపు తిప్పుకున్నాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"వార్డులో నా చేతికి గ్లాసిచ్చావా ఎప్పుడన్నా? నువ్వే పట్టి తాపేదానివి," అంది. కొంగు నీళ్ళ కింద పెట్టి, "ఆ రైల్వే అబ్బాయి సంబంధం కుదిరిందా?" అని అడిగింది.

కుదిరిందన్నాను.

"మంచిది. బంగారమంటి మనుషులు. జాగ్రత్తగా చేసుకో," అని తడికొంగు భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

మళ్ళీ రాలేదు. పాస్టరు గారు ఇంటికి వెళ్ళి పిలిచారు. మోకాళ్ళ నొప్పులండీ అందట. రెండోసారి వెళ్తే అదే మాట చెప్పిందట. తర్వాత ఆయనకు వేరే ఊరికి బదిలీ అయింది. మా పెళ్ళి అదే చర్చిలో వైభవంగా జరిగింది. గోడ మీద రాత అలాగే ఉంది.

మా పెద్దవాడు పుట్టాక ఒకసారి అత్తగారు నన్ను గుణదల తిరునాళ్ళకు తీసుకెళ్ళారు. మనుమడు పుడితే మరియమాతకు కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నారట. మా సంఘంలో మరియమాతకు మొక్కడమనేది లేదు. మావాళ్ళు చూస్తే ఇంకేమన్నా ఉందా, సంఘ పెద్ద భార్య కొండెక్కడమా! అందుకని కొంగు తల నిండా కప్పుకున్నారు. నాకు నవ్వొచ్చింది. గుట్లు నాకొక్కదానికే లేవన్నమాట అనుకున్నాను. మెట్ల పక్కన చేతులు చాచి కూర్చున్నవాళ్ళ వరసలో ఎస్తేరమ్మ కనిపించింది. ముందు ఆవిడే నన్ను చూసింది. చంకలో బిడ్డని చూసింది, అత్తగారిని చూసింది. వెంటనే మోకాళ్ళ మధ్య తల దించేసుకుని, మేం దాటిపోయేదాకా ఎత్తలేదు. అత్తగారు ఆవిడ ముందు చిల్లర వేశారు, గుర్తుపట్టలేదు. నేను ఆగలేదు. దేవా, స్తోత్రం అనుకున్నాను, ఆవిడ తల దించుకున్నందుకు. నిజంగా ఆ మాటే అనుకున్నాను. తర్వాత ఇంకెప్పుడూ ఆవిడ నాకు కనిపించలేదు.

చివరి రోజుల్లో అత్తగారు మంచాన పడి వీపంతా పుళ్ళు పడితే నేనే కడిగి కట్లు కట్టేదాన్ని. నీ చెయ్యి పడితే నొప్పే తెలియదే, ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగారొకసారి. కాన్పుల వార్డులో అన్నాను. అప్పటికి నన్ను ఎవరూ వెళ్ళగొట్టరు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేంత ప్రేమగా ఉండేది నాతో. అయినా నాలుక అలవాటు ప్రకారం అదే అంది.

ఇప్పటిదాకా చెప్పింది పిరికితనం. దానికి మీరు జాలిపడవచ్చు. నేనూ పడ్డాను, ఏళ్ళ తరబడి. వయసులో ఉన్న పిల్ల, పెళ్ళి తప్పిపోతుందని భయపడింది, చేతుల సంగతి మరిచిపోయింది, పాపం అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేది. పోయిన నెల ఆ చప్పట్ల మధ్య నిలబడినప్పుడు మాత్రం అలా అనిపించలేదు.

కుళాయి దగ్గర తట్టలేదన్నాను చూడండి, అది అబద్ధం. తట్టింది. చిన్న గ్లాసులు అనే మాట నా నోటి దాకా వచ్చిన క్షణంలోనే ఎస్తేరమ్మ చేతులు నా కళ్ళముందు కనిపించాయి. ఆ చేతులకి కట్లు కట్టినదాన్ని, నాకు తట్టకపోవడమేమిటి? ఆ చేతులతో గ్లాసు పట్టుకోవడం కుదరదని తెలుసు. పట్టుకోలేకపోతే సిగ్గుపడి ఆవిడే మానేస్తుంది, ఎవరూ పొమ్మన్నట్టు ఉండదు, నాకు ఆదివారాలు ప్రశాంతంగా ఉంటాయి అనుకున్నాను. అంత వివరంగానే అనుకున్నాను. అనుకునే ఆ మాట అన్నాను. ఆవిడకూ తెలుసు, అందుకే తట్టలేదా అని అడిగింది.

క్షమించమని అడగడానికి ఆవిడ లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. తేలికపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ కొంచెం ఊపిరాడుతోంది. తెలిసే చేశాను.